మంచులో కలిసిన పొగకు లెక్కేదీ?

డిసెంబరులో పొద్దున్నే తెనాలి నుంచి రేపల్లె వైపు బయలుదేరితే రోడ్డుకు రెండు పక్కలా తెల్లటి తెర కమ్మి ఉంటుంది. మంచు పట్టిందనుకుంటాం. వాకిట్లో ముగ్గు మీద, రాత్రి దండెం మీద మరిచిపోయిన బట్టల మీద రాలిన నల్లటి నుసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అది ముందురోజు సాయంత్రం తగలబెట్టిన వరిగడ్డి. ఆ నుసి కంటికి ఆనుతుంది కాబట్టి దులుపుకుంటాం. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగేది మాత్రం కంటికి ఆనని పీఎం 2.5 ధూళి. తలవెంట్రుక మందంలో అది ఇరవయ్యో, ముప్పయ్యో వంతు.

దీన్ని కొలిచే ఏర్పాటు ఎక్కడుంది? కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులోని 130 నగరాల్లో మన రాష్ట్రానివి 13. గుంటూరు, విజయవాడ, ఒంగోలు, ఏలూరు ఉన్నాయి. వాటి నడుమనున్న తెనాలి, బాపట్ల, రేపల్లె లేవు. జాబితాలో చేరడానికి ప్రధానమైన కొలబద్ద ఐదేళ్లపాటు వరసగా ప్రమాణాలు దాటడం. దాటిందని తేలాలంటే ముందు కొలవాలి కదా! చిన్న పట్టణాల చిక్కంతా ఇక్కడే.

ఫోన్లో ఊరి పేరు కొడితే గాలి నాణ్యత అంకె వస్తోందిగా అనవచ్చు. చాలా సందర్భాల్లో అది ఆ ఊళ్లో కొలిచింది కాదు. ఉపగ్రహ చిత్రాల నుంచీ, దూరాన ఉన్న కేంద్రాల నుంచీ కంప్యూటర్ కట్టిన అంచనా.

గడ్డి సంగతికి వద్దాం. కొడవలితో కోసిన రోజుల్లో పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చాక గడ్డిని వామి పెట్టేవారు. ఏడాది పొడవునా పశువులకు అదే మేత. ఇప్పుడు పశువులు తగ్గాయి, కోత మిషన్ వచ్చింది. మిషన్ గడ్డిని చేనంతా వెదజల్లి పోతుంది. వరి తర్వాత దుక్కి లేకుండా మొక్కజొన్నో, జొన్నో వేసే రైతుకు నేలలో పదును ఆరకముందే చేను ఖాళీ కావాలి. గడ్డిని కట్టలు కట్టించి తోలడానికి కూలీ, బాడుగ చేతినుంచి పడతాయి. అగ్గిపుల్లకు ఖర్చు లేదు. రైతును తిట్టి లాభం లేదు. ఈ లెక్క మారకపోతే మంట ఆగదు.

పంజాబ్, హర్యానాల్లో మంటలు దేశమంతా చర్చ. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఉపగ్రహాలతో రోజూ లెక్కించే ఆరు రాష్ట్రాల్లో మనం లేం. ఉన్నా, ఆ లెక్క ఎక్కువగా ఆధారపడే ఉపగ్రహాలు పగలు మన మీదుగా పోయేది ఒకటిన్నర ప్రాంతంలో. సాయంత్రం అంటించిన చేను వాటికి చిక్కడం కష్టం.

సగటు లెక్కలోనూ మాయ ఉంది. పీఎం 2.5 ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది 2009 నాటి మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఉదాహరణకు రాత్రి నాలుగు గంటలు 250, మిగతా ఇరవై గంటలు 20 చొప్పున ఉందనుకుందాం. సగటు 58. కాగితం మీద గాలి శుభ్రం, మంచంలో ఉబ్బసం రోగికి మాత్రం రాత్రంతా జాగారం. పైగా పాత పద్ధతిలో వడపోత కాగితాన్ని తూకం వేసే కేంద్రాలు పనిచేసేది వారానికి రెండు రోజులే, ఏడాదికి 104. మంట పెట్టిన రోజు ఆ రెండింటిలో పడాలన్న నియమం ఏమీ లేదు.

అందుకని ఊరూరా చవక సెన్సర్లు తగిలిస్తే సరిపోతుందా? అవి లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి ధూళిని లెక్కగడతాయి. తేమకు ఉబ్బిన రేణువు వాటికి పెద్దగా కనబడుతుంది. సూర్యలంక సముద్రపు గాలి తగిలే బాపట్లలో ఉత్త మంచుకే అంకె ఎగబాకవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి సెన్సర్ల అంకెలకు తేమను బట్టి సవరణ తయారుచేసి, 2020లో కార్చిచ్చుల పొగ పటంలో వాడుకుంది. మన సవరణ మన తేమలోనే తయారుకావాలి. 1945 నుంచి ఉన్న బాపట్ల వ్యవసాయ కళాశాల ఇందుకు సరైన చోటు. ప్రామాణిక యంత్రం ఒకటి అక్కడ పెట్టి, పక్కనే సెన్సర్లను కోతల కాలమంతా నడిపి, తేడా పట్టాలి. ఆ తర్వాతే ఊళ్లకు పంపాలి.

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలో. చలికాలపు ఈశాన్య గాలికి ఈ సరిహద్దు తెలియదు, తెనాలి పొలాల పొగ బాపట్ల వైపే మళ్లుతుంది. కాబట్టి ఇద్దరు కలెక్టర్లూ, కాలుష్య నియంత్రణ మండలీ కలిసి కూర్చోవాలి. మూడు పురపాలక కార్యాలయాల ముందు గంటగంటకూ అంకె తెలుగులో కనబడాలి. వరి కోతలు నవంబరులో మొదలవుతాయి. యంత్రాలు అంతకుముందే రావాలి.