రెండు ఓపెన్లూ ఒకటి కావు

నా బల్ల సొరుగులో ఒక చిన్న పెట్టె ఉంది. అందులో పిడికిట్లో ఇమిడిపోయే నల్లని పరికరం. మీట నొక్కితే దాని అద్దంలో ఎర్రని చుక్క ఒకటి వెలుగుతుంది. రెడ్ డాట్ సైట్ అంటారు. సొరుగు తెరిచిన ప్రతిసారీ నాకు మిర్యాలగూడలోని మా మేనల్లుడి ముఖం గుర్తుకు వస్తుంది. కథలూ కవిత్వమూ రాసుకునే చోట తుపాకీ గురి ఏమిటని నొసలు చిట్లించే మిత్రులకు ముందే మనవి చేసుకుంటున్నాను. ఈ టపా పరికరం గురించే. కాని తెలిసీ తెలియని సలహా ఇచ్చినవాడి ఒప్పుకోలు కూడా.

వాడికప్పుడు పదిహేనేళ్లు. ఎయిర్ రైఫిల్ పోటీలకు తయారవుతున్నాడు. మా బావ వరి పండించే మనిషి. రైఫిలు కొనడమే ఆయనకు తలకు మించిన భారం. "మామా, గురి మంచిగ కుదరాలంటే ఇంకేం పెట్టాలె?" అని వాడు ఫోనులో అడిగాడు. నేను రెండు రాత్రులు అంతర్జాలంలో గడిపి, ఎర్రచుక్క కొనమని తీర్పు చెప్పాను. వాడు పాల్గొనే విభాగం పేరు ఓపెన్ సైట్. నేను చదివిన విదేశీ వ్యాసాలలో ఓపెన్ విభాగంలో ఎర్రచుక్క వాడవచ్చునని స్పష్టంగా ఉంది. రెండు ఓపెన్లూ ఒకటే అనుకున్నాను.

కావు. ప్రాక్టికల్ షూటింగ్ అనే పోటీలు వేరే ఉన్నాయి. పరుగెత్తుతూ, చోటు మారుతూ, గడియారంతో పందెం వేస్తూ కాల్చే పోటీలు. వాటిని నడిపే అంతర్జాతీయ సంస్థ ఐ.పి.ఎస్.సి. ఆ పోటీలలో ఓపెన్ డివిజన్ అంటే పరికరాల మీద ఆంక్షలు సడలించిన విభాగం. అక్కడ ఎర్రచుక్కదే రాజ్యం. మన దగ్గర ఓపెన్ సైట్ అంటే అందుకు పూర్తిగా విరుద్ధం. వెనుక ఒక గాడి, ముందు ఒక పుల్ల, మధ్యలో గాలి. కటకం లేదు, దీపం లేదు. ఒకే మాట ఒక ఊళ్లో తలుపు తీసింది, మరొక ఊళ్లో తలుపు మూసింది. మాటలతోనే బతికే నాబోటివాడు ఆ ఒక్క మాట దగ్గర బోల్తా పడ్డాడు.

పోటీ నాటి ఉదయం పరికరాల తనిఖీ బల్ల దగ్గర సంగతి బయటపడింది. "మామా, గిది తీసెయ్యమంటున్రు" అన్న వాడి గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంది. చుక్క బిగించేటప్పుడు అడ్డం వస్తుందని వెనుక గాడిని విప్పేశారు. అదృష్టం కొద్దీ అది సంచి అడుగున దొరికింది. ఎవరి దగ్గరో స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చి బిగించారు. కాని విప్పి బిగించిన గురి పాత గురి కాదు. సరిచూసుకునేందుకు దొరికిన కొద్ది నిమిషాలు చాలలేదు. పెల్లెట్లన్నీ ఎడమకూ కిందికీ పోయాయి. వాడు ఎంపిక కాలేదు. "ఏం కాదు మామా, వచ్చే ఏడు చూద్దం" అన్నాడు. రెండు మాటలు తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అందుచేత నా మొదటి అభిప్రాయం ఇది. ఎర్రచుక్కను ఎంచుకోవడం దుకాణంలో మొదలు కాదు, నియమావళిలో మొదలవుతుంది. ఒలింపిక్ షూటింగ్‌కు నియమాలు రాసే ఐ.ఎస్.ఎస్.ఎఫ్. పిస్తోలు విభాగాలలో ఓపెన్ సైట్లను మాత్రమే అనుమతిస్తుంది. రైఫిలుకు సన్నని రంధ్రంలోంచి చూసే పీప్ సైటు ఉండవచ్చు గాని, సైటులో కటకం ఉండరాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది అటువంటి రంధ్రంలోంచి చూసే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పిస్తోలుతో నాలుగు పతకాలు గెలిచింది గాడినీ పుల్లనూ కలిపి చూసే. మన పిల్లలు కలలు కనే పతకాలలో బ్యాటరీ లేదు. ఈ ఒక్క వాక్యం నాకు ఆనాడు తెలిసి ఉంటే, మా బావ పంట డబ్బులో కొంత మిగిలేది.

అయితే ఎర్రచుక్క పనికిరాని వస్తువా? కాదు. అది చేసే పని వేరు. దాని మూలం పాతది. 1900లోనే హోవార్డ్ గ్రబ్ అనే ఐర్లండు దూరదర్శిని నిర్మాత, అద్దంలో ప్రతిఫలించే గుర్తుతో గురి చూసే పద్ధతిని కనిపెట్టాడు. 1975లో స్వీడనుకు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ దానికి విద్యుద్దీపం జతచేసి అమ్మకానికి తెచ్చింది. లోపలి చిన్న దీపం వెలుగు వంపు అద్దం మీద పడి కంటివైపు తిరిగి వస్తుంది. చుక్క ఎక్కడో దూరాన లక్ష్యం మీదనే వాలినట్టు కనిపిస్తుంది. లక్ష్యం మీద మాత్రం ఏ వెలుగూ పడదు. దీన్ని లేజరు అనుకునేవారు చాలామంది ఉన్నారు. కాదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. గాడీ పుల్లా ఉన్న తుపాకీతో నేర్పేవారు, ముందు పుల్లను స్పష్టంగా చూడు, లక్ష్యం మసకగా ఉన్నా ఫరవాలేదు అంటారు. మనిషి కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు కనుక. ద్రోణుడి పరీక్షలో పిట్ట తప్ప మరేదీ కనిపించడం లేదన్న అర్జునుడు ఈ గురువుల దగ్గర తప్పేవాడు! ఎర్రచుక్క ముందు మాత్రం అతడే ఉత్తమ విద్యార్థి. రెండు కళ్లూ తెరిచి, లక్ష్యాన్నే చూడాలి. చుక్క దానంతట అదే వచ్చి అక్కడ నిలుస్తుంది.

ఆ మాటకొస్తే, మా ప్రాంతపు పాత గురి కూడా ఇదే. నల్లగొండ జొన్నచేలలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవారికి సైటు ఎక్కడిది? చూపు పిట్ట మీద, చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఆ వడిసెలే సాయుధ పోరాట కాలంలో పల్లెకు ఆయుధమైంది. అమ్రాబాద్ గుట్టల చెంచుల గురించి హైమండార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం ఉంది. వారి వెదురు విల్లు మీద గాడీ లేదు, పుల్లా లేదు. నిన్నటిదాకా మహబూబ్‌నగర్, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా అయిన ఆ కొండల మీద, గురి అంటే పరికరం కాదు, చిన్ననాటి నుంచి చేసిన సాధన. ఎర్రచుక్క మన చూపును మళ్లీ ఆ పాత దారికే తిప్పుతుంది. సాధనను మాత్రం పెట్టెలో పెట్టి ఇవ్వదు.

ఇక, నియమాలు ఒప్పుకునే పోటీకో, ఇంట్లో సాధనకో కొనదలచినవారికి నేను ఆలస్యంగా నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను.

చుక్క పరిమాణాన్ని ఎం.ఓ.ఏ.లలో చెబుతారు. డిగ్రీలో 60వ వంతు. మన పంచాంగ గణితంలో కళ అంటామే, అదే. ఒక కళ 10 మీటర్ల దూరాన 2.9 మిల్లీమీటర్లు, 25 మీటర్ల దూరాన 7.3 మిల్లీమీటర్లు అవుతుంది. ఎయిర్ పిస్తోలు లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. 2 ఎం.ఓ.ఏ. చుక్క అక్కడ సుమారు 6 మిల్లీమీటర్లు కప్పుతుంది, 6 ఎం.ఓ.ఏ. చుక్క పదిహేడున్నర కప్పి వలయాన్నే మింగేస్తుంది. నిదానంగా, నిక్కచ్చిగా కాల్చేవారికి చిన్న చుక్క, వేగంగా కాల్చేవారికి పెద్ద చుక్క మేలు. పెద్దది త్వరగా కంటికి దొరుకుతుంది.

కొనేముందు మీ కంటితో చూడండి. చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలాగా, ద్రాక్షగుత్తిలాగా కనిపిస్తే పరికరాన్ని నిందించకండి. దాన్ని మెల్లగా తిప్పి చూడండి. ఆకారం దానితోపాటు తిరగకుండా అలాగే నిలిచి ఉంటే, లోపం మీ కంటిది. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి అలాగే కనబడుతుంది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూడండి. వెలుతురు కూడా అవసరమైనంతే ఉంచాలి. ఎక్కువైతే చుక్క చుట్టూ మెరుపు చిమ్మి, చిన్న చుక్క పెద్దదవుతుంది.

బిగింపు మరొకటి. మన ఎయిర్ రైఫిళ్ల మీద సాధారణంగా ఉండేది 11 మిల్లీమీటర్ల గాడి. చాలా ఎర్రచుక్కలు అంతకంటే వెడల్పైన పట్టీకి తయారైనవి. మధ్యలో సరైన జోడింపు కావాలి. పైగా స్ప్రింగు రైఫిలు వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి తన్నుతుంది. ఆ రెండు తన్నులకూ నిలబడేదేనా అని అడిగి కొనాలి. లేకపోతే ఈ రోజు కుదిర్చిన గురి రేపటికి జరిగిపోతుంది.

గురి కుదర్చడంలో ఓపికే సగం విద్య. రైఫిలును ఇసుక సంచి మీద ఆనించి, ఒకే చోట గురిపెట్టి అయిదు పెల్లెట్లు కాల్చాలి. ఒక్క పెల్లెట్టును చూసి మర తిప్పరాదు. అయిదింటి నడిమి బిందువు తీసుకోవాలి. అది కేంద్రానికి 15 మిల్లీమీటర్లు కిందా, 9 మిల్లీమీటర్లు ఎడమా ఉందనుకోండి. ఒక క్లిక్కు ఒక ఎం.ఓ.ఏ. అయితే 10 మీటర్ల వద్ద పైకి అయిదు, కుడికి మూడు. సాధారణంగా మర మీది బాణం గుర్తు, దెబ్బ ఎటు జరగాలో చెబుతుంది; చుక్క ఎటు జరగాలో కాదు. మళ్లీ అయిదు కాల్చి చూడాలి. సైటు గొట్టానికి 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, 10 మీటర్లకు కుదిర్చిన గురి 5 మీటర్ల వద్ద సుమారు 2 సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. కనుక ఇంటి వరండాలో కుదిర్చి మైదానంలో గెలవాలనుకోవద్దు. తల అటూ ఇటూ కదిపితే లక్ష్యం మీద చుక్క కూడా కాస్త జరగవచ్చు. దగ్గరి దూరాలలో ఇది ఎక్కువ. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, చుక్క అద్దం నడుమనే ఉండాలి.

ఇంత చేశాక తెలిసేదేమిటి? చుక్క నిలవదని. గాడీ పుల్లా చూసేటప్పుడు కనిపించని మన చేతి వణుకు, శ్వాస, గుండె చప్పుడు కూడా ఆ చుక్కలో నాట్యమాడతాయి. కొత్తవారు దాన్ని చూసి బెదిరి, చుక్క కేంద్రాన్ని తాకిన క్షణంలో ట్రిగ్గరును లటుక్కున లాగుతారు. అక్కడే దెబ్బ తప్పుతుంది. చుక్క కదులుతున్నా సరే, మెల్లగా నొక్కుతూ పోవాలి.

నేర్చుకునే పిల్లలకు ఎర్రచుక్కే మేలని, తమ తప్పు తమకు కనబడుతుందని వాదించే పెద్దలున్నారు. ఆ వాదనలో న్యాయం ఉంది. అద్దంగా అది మంచి గురువు. కాని పోటీలో అద్దాన్ని వెంట తీసుకుపోనివ్వనప్పుడు, ఉన్న డబ్బంతా అద్దానికే పోయరాదు. అదే డబ్బుతో పెల్లెట్లు కొనిస్తే పిల్లవాడు ఇంకొన్ని నెలలు కాలుస్తాడు. మధ్యతరగతి ఇంటికీ, రైతు ఇంటికీ ఆ తేడా చిన్నది కాదు. గాడి మసకబారే వయసు వచ్చిన నావంటివారికి మాత్రం ఎర్రచుక్క నిజంగా వరమే.

మరుసటి దసరాకు వాడు ఆ పెట్టెను నా చేతిలో పెట్టి, "నీకే పనికొస్తది మామా, నీకు దగ్గరిది కనబడదు గద" అన్నాడు. ఎకసెక్కమో, ప్రేమో తేల్చుకోలేకపోయాను. వాడు గాడికీ పుల్లకూ తిరిగి వెళ్లాడు, ఇప్పటికీ కాలుస్తున్నాడు. నేను ఆదివారాలు మా పెరటి గోడకు అట్ట కట్టి, చుక్క వెలిగించి, నా చెయ్యి ఎంత వణుకుతోందో చూసుకుంటున్నాను. ఎవరైనా సలహా అడిగితే మాత్రం, మీ పోటీ నియమావళి ఒకసారి చదివి వినిపించండి అంటున్నాను.