అర్హత పరీక్ష – తెలుగు పరిశోధన: శాఖలు వదులుకున్న తీర్పు

ప్రవేశిక

విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యాన్ని బోధించడానికి, దానిపై పరిశోధన చేయడానికి ఎవరు అర్హులన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవి తెలుగు శాఖలు. మూడున్నర దశాబ్దాలుగా ఆ సమాధానం వాటి ప్రాంగణాలకు వెలుపల తయారవుతోంది. అధ్యాపకుల అర్హతను జాతీయస్థాయిలో పరీక్షించాలని 1986లో మెహరోత్రా సంఘం సూచించింది. 1988 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆ బాధ్యతను విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అప్పగించింది. తొలి 'నెట్' 1989 డిసెంబరులో, 1990 మార్చిలో రెండు భాగాలుగా జరిగింది. నాటి ఉద్దేశం పరిమితమైనది. ఉపన్యాసకుడిగా చేరే వ్యక్తికి ఉండవలసిన కనీస ప్రమాణాన్ని నిర్ణయించడమే దాని లక్ష్యం. దానిని ఇంటి గడపతో పోల్చవచ్చు.

నేడు ఆ గడపే గీటురాయి అయింది. గీటురాయి క్రమంగా పాఠ్యప్రణాళిక కూడా అయింది. ఈ పరిణామానికి ఢిల్లీని నిందించడం సులభం. ఇందులో తెలుగు శాఖల పాత్రను ఒప్పుకోవడం కష్టం. ఆ కష్టమైన పనికి పూనుకోకుండా సంస్కరణల గురించి మాట్లాడడం నిష్ఫలం.

పరీక్ష రూపం

రెండు దశాబ్దాలకు పైగా నెట్ మూడవ పత్రం వర్ణనాత్మకంగా ఉండేది. అభ్యర్థి తన అభిప్రాయాన్ని తెలుగులో రాయాలి, దానిని ఆధారాలతో నిలబెట్టాలి. 2012 జూన్ నుంచి ఆ పత్రం కూడా బహుళైచ్ఛిక ప్రశ్నలకు మారింది. 2018 జూలైలో మూడు పత్రాలు రెండయ్యాయి. ఆ ఏడాది డిసెంబరు నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ పరీక్షను కంప్యూటర్ ద్వారా నిర్వహించడం మొదలుపెట్టింది. ఇప్పుడు మొదటి పత్రంలో 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండవ పత్రంలో 100 ప్రశ్నలకు 200 మార్కులు. వ్యవధి 3 గంటలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. కనీస మార్కులు వచ్చినంత మాత్రాన అర్హత రాదు. రెండు పత్రాలూ రాసినవారిలో 6 శాతం మందిని మాత్రమే అర్హులుగా ప్రకటిస్తారు. ఎందరు నెగ్గాలో ముందే నిర్ణయమైపోయిన పరీక్షను అర్హత పరీక్ష అనడం కన్నా వడపోత అనడం సముచితం.

దీని పర్యవసానాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. తెలుగు సాహిత్యాన్ని బోధించే జాతీయ అర్హత పొందదలచిన వ్యక్తి, ఆ అర్హత కోసం తెలుగులో ఒక్క వాక్యమైనా రాయనక్కరలేదు.

2024 జూన్ పరీక్ష నుంచి నెట్ మార్కులు పిహెచ్.డి. ప్రవేశానికీ ఆధారమయ్యాయి. పరిశోధక వేతనానికి ఎంపిక కాని రెండు వర్గాల అభ్యర్థుల విషయంలో, ఈ మార్గాన్ని అనుసరించే విశ్వవిద్యాలయాలు నెట్ మార్కులకు 70 శాతం, ముఖాముఖికి 30 శాతం ప్రాధాన్యమివ్వాలి. అంటే బోధనార్హతను తేల్చిన బిట్లే ఇప్పుడు పరిశోధనార్హతను కూడా తేలుస్తున్నాయి.

వివాదం ఉన్నచోట 'కీ'

బహుళైచ్ఛిక ప్రశ్నకు ఒకే సరైన సమాధానం ఉండాలి. తెలుగు సాహిత్య చరిత్రలో విలువైన ప్రశ్నలలో చాలావాటికి ఆ లక్షణం లేదు. 1909లో మానవల్లి రామకృష్ణకవి కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను ఖండించడానికీ సమర్థించడానికీ పండితులు శాసనాలను వెదికారు, ఛందస్సును పరిశీలించారు, కావ్యభాషను విశ్లేషించారు. నన్నెచోడుని కాలం ఎంత తేలిందన్నది అటుంచితే, ఆ వాదం వల్ల తెలుగు పరిశోధనకు ఒక పద్ధతి అలవడింది. నన్నెచోడుని శతాబ్దాన్ని నాలుగు ఐచ్ఛికాలలో ఒకటిగా అడిగిన క్షణంలో ఆ వాదమంతా అదృశ్యమవుతుంది. మిగిలేది ఒక అంకె.

తొలి తెలుగు కథ విషయమూ ఇంతే. గురజాడ 'దిద్దుబాటు' (1910) తొలి కథగా చాలాకాలం పాఠ్యపుస్తకాలలో నిలిచింది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' (1902) ముందుకు వచ్చిన తర్వాత చర్చ తేదీల వద్ద ఆగలేదు. కథకు లక్షణమేమిటి, ఆ లక్షణాన్ని ఎవరు నిర్ణయించారు, స్త్రీల రచన చరిత్రకు ఎందుకు ఆలస్యంగా కనిపించింది అన్న ప్రశ్నలు పుట్టాయి. ఈ ప్రశ్నలు తెలిసిన విద్యార్థి 'తొలి కథ ఏది?' అన్న బిట్టు ముందు తడబడతాడు. గైడు మాత్రమే చదివిన విద్యార్థి తడబడడు. ఎక్కువ చదివినవాడిని సందేహంలోకి నెట్టి, తక్కువ చదివినవాడికి ధైర్యమిచ్చే కొలమానం పరిశోధనకు ఉపకరించదు.

కవులనూ బిరుదులనూ జతపరచమనే ప్రశ్నను గమనించినా ఇదే తెలుస్తుంది. ప్రబంధపరమేశ్వరుడు ఎర్రన అని ప్రతి విద్యార్థికీ తెలుసు. ఎర్రన 14వ శతాబ్ది కవి. ప్రబంధయుగంగా వ్యవహరించేది 16వ శతాబ్దిని. రెండు శతాబ్దాల ముందటి కవికి ఆ పేరు ఎట్లా వచ్చింది? 'ప్రబంధం' అన్న మాటకు అప్పటి అర్థమేమిటి? జతపరచడం ముగిసినచోట అసలు ప్రశ్న మొదలవుతుంది. పరీక్ష అక్కడికి వెళ్లదు. పరీక్ష కోసం చదివేవారూ వెళ్లడం మానుకుంటున్నారు.

'కీ'తో విభేదించేవారికి ఒక మార్గం ఉంది. తాత్కాలిక కీ వెలువడిన తర్వాత ప్రశ్నకు 200 రూపాయల చొప్పున రుసుము చెల్లించి అభ్యంతరం తెలపవచ్చు. పత్రికలలో, సదస్సులలో జరగవలసిన సాహిత్య చర్చ ఈ విధంగా రుసుము చెల్లించే దరఖాస్తుగా కుదించుకుపోయింది.

మొదటి పత్రం భాష

మొదటి పత్రం అన్ని విషయాల వారికీ ఒకటే. బోధనాభిరుచి, పరిశోధనాభిరుచి, గణిత తర్కం, దత్తాంశ విశ్లేషణ, ఉన్నత విద్యావ్యవస్థ మొదలైనవి అందులో ఉంటాయి. భారతీయ తర్కం కింద ప్రత్యక్షానుమానాది ప్రమాణాలూ హేత్వాభాసాలూ ఉన్నాయి. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి ఈ చివరి అంశం కొత్తది కాదు. ఆ పత్రం మాత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలోనే వస్తుంది. హిందీ సాహిత్య విద్యార్థి రెండు పత్రాలనూ తన భాషలో చదువుతాడు. తెలుగు విద్యార్థి 300 మార్కులలో 100 మార్కులను పరభాషలో ఎదుర్కొంటాడు. అనుమాన ప్రమాణం తెలిసి ఉండి, 'ఇన్ఫరెన్స్' అన్న మాట దగ్గర ఆగిపోయేవాడు అజ్ఞాని కాడు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో తెలుగూ ఉంది, హిందీ కూడా ఉంది. ఈ అసమానతపై తెలుగు శాఖలు ఉమ్మడిగా, పట్టు విడవకుండా పోరాడవలసింది. ఆ పోరాటం జరగలేదు.

పూర్వపక్షం

ఈ పరీక్షను సమర్థించేవారి వాదాలు తేలికైనవి కావు. వర్ణనాత్మక పత్రాల మూల్యాంకనంలో పరీక్షకుడి ఇష్టాయిష్టాలకు చోటుండేదన్నది మొదటి వాదం. పరిచయాలు లేని గ్రామీణ, దళిత, బహుజన విద్యార్థికి పేరు చూడని యంత్రమే న్యాయం చేస్తుందన్నది రెండవది. ఈ రెండవ వాదంలో బలమైన సత్యం ఉంది. జె.ఆర్.ఎఫ్. కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు లభిస్తాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నెట్ లేని పరిశోధకుడికి వచ్చేది 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అనేకులకు ఆ మాత్రమూ లేదు. ఇంటికి డబ్బు పంపవలసిన పరిశోధకుడికి ఆ వేతనమే చదువును నిలబెడుతుంది. రాష్ట్రానికి పరిమితమైన 'సెట్' తెరవలేని బెనారస్, మద్రాసు, ఢిల్లీ తలుపులను నెట్ తెరుస్తుంది. కనుక నెట్‌ను రద్దు చేయాలనడం నిర్దాక్షిణ్యమైన మాట.

అయితే పక్షపాతానికి విరుగుడు తీర్పును రద్దు చేయడం కాదు. తీర్పరిని జవాబుదారీగా నిలపడం. పేరు కనిపించని జవాబు పత్రాన్ని వేర్వేరు విశ్వవిద్యాలయాలకు చెందిన ఇద్దరు దిద్దితే ఇష్టాయిష్టాలకు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. సిద్ధాంత గ్రంథాలను బయటి పరీక్షకులకు పంపే వ్యవస్థకు ఇది అసాధ్యమైన పనేమీ కాదు. యంత్ర మూల్యాంకనం తనంతట తాను విశ్వసనీయతకు పూచీ కాదు. 9 లక్షల మందికి పైగా రాసిన 2024 జూన్ 18 నాటి పరీక్షను, దాని పవిత్రతపై అనుమానంతో మరునాడే రద్దు చేశారు. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకు తిరిగి నిర్వహించారు. పైగా యంత్రం పేరు చూడకపోయినా, ఇంగ్లీషులో వచ్చిన మొదటి పత్రం విద్యార్థి చదివిన బడిని చూస్తూనే ఉంటుంది. శిక్షణ కేంద్రానికి రుసుము కట్టగల శక్తినీ చూస్తుంది.

శాఖల బాధ్యత

రెండవ పత్రంలోని ప్రశ్నలను రూపొందించేది విషయ నిపుణులు, అంటే తెలుగు ఆచార్యులే. కవి జన్మస్థలం, కృతిభర్త పేరు, బిరుదు అడగాలని ఏ నిబంధనా వారిని నిర్బంధించలేదు. బహుళైచ్ఛిక రూపంలోనే పద్యాన్ని ఇచ్చి అన్వయాన్ని అడగవచ్చు. 'నన్నెచోడుడు నన్నయకు పూర్వుడన్న వాదాన్ని కింది ఆధారాలలో ఏది బలహీనపరుస్తుంది?' అని అడగవచ్చు. ఇటువంటి ప్రశ్నకు గైడు సరిపోదు, వాదం తెలియాలి. సులభమైన ప్రశ్న రూపొందించడం సులభం కనుకనే అది వస్తున్నది.

ముఖాముఖికి మిగిలిన 30 శాతం శాఖల చేతిలోనే ఉంది. అంశమేమిటి, ఎందుకు ఎంచుకున్నావు అన్న రెండు ప్రశ్నలతో దానిని ముగించడం, ఉన్న అధికారాన్ని కూడా వదులుకోవడమే. ముఖాముఖికి ముందు అభ్యర్థికి అపరిచితమైన పద్యాన్నో వచన భాగాన్నో ఇచ్చి, అరగంట గడువులో దానిపై ఒక పుట రాయించి, చర్చను ఆ పుటపైనే నడిపితే అభ్యర్థి చదవగలడో లేదో, రాయగలడో లేదో తెలుస్తుంది. ఆ పుటను భద్రపరిస్తే తీర్పుకు సాక్ష్యం కూడా ఉంటుంది. ముఖాముఖిలో పక్షపాతం జరుగుతుందన్న ఆరోపణకు దీనికి మించిన సమాధానం లేదు.

మూడవది తరగతి గది. ఎం.ఏ. పాఠాన్ని బిట్ల సంచికగా మార్చమని ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించలేదు. ఉత్తీర్ణుల సంఖ్యను శాఖ కీర్తిగా ప్రకటించుకునే అలవాటు ఆ పని చేసింది. కవి–కాలం–కృతుల పట్టికలతో మొదలై పట్టికలతో ముగిసే సిద్ధాంత గ్రంథాలు ఆ తరగతి గది నుంచే వస్తున్నాయి. పట్టికలు నేర్పినవారు, విద్యార్థులకు విమర్శ దృష్టి లేదని సదస్సులలో వాపోవడం కంచె చేను మేసి పంట రాలేదని దుఃఖించడం వంటిది.

ముగింపు

కోరవలసినవి స్పష్టం. మొదటి పత్రం తెలుగులోనూ రావాలి. భాషా సాహిత్య విషయాలకు వర్ణనాత్మక భాగాన్ని పునరుద్ధరించాలి. పిహెచ్.డి. ప్రవేశంలో నెట్ మార్కులను కనీస అర్హతకే పరిమితం చేయాలి. ఈ మూడూ ఢిల్లీలో తేలవలసినవి. వాటికి కాలం పడుతుంది. మంచి ప్రశ్న రూపొందించడానికి, ముఖాముఖిలో ఒక పుట రాయించడానికి, తరగతి గదిలో వివాదాన్ని వివాదంగా బోధించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రానున్న ప్రవేశాల నుంచే వాటిని ప్రారంభించవచ్చు. అవి చేయని శాఖకు, తన విద్యార్థుల అర్హతను మరొకరు తేల్చారని ఫిర్యాదు చేసే హక్కు ఉండదు.