మొద్దు చాకే చెయ్యి కోస్తుంది

పోయిన ఆదివారం బంగినపల్లి పండు కోస్తూ బొటనవేలు కోసుకున్నాను. చాకు మొద్దుబారిపోయింది. తొక్క తెగట్లేదని గట్టిగా నొక్కితే, జారి వేలి మీదకొచ్చింది. పసుపు అద్దుకుంటుంటే మా నాన్న పడక్కుర్చీలోంచే అన్నారు: "మొద్దు చాకుతోనే చెయ్యి తెగుతుందిరా. పదునుదానికి బలం అక్కర్లేదు."

కొమ్ము పిడి ఉన్న ఆ మడత చాకు ఆయనదే. నూజివీడు దగ్గర మా మామిడితోటకి వెళ్లినప్పుడల్లా జేబులో ఉండేది. రెండేళ్లుగా చూపు బాగా తగ్గింది. కోసుకుంటారేమోనన్న భయంతో మేమే చాకు తీసేసుకున్నాం. ఆయనేమీ అనలేదు. చాకైతే నాకొచ్చింది గానీ పదును పెట్టడం రాలేదు. వంటింటి గట్టుకేసి నాలుగుసార్లు రాసి ఊరుకునేవాణ్ణి.

సాయంత్రం సానరాయి తెమ్మన్నారు. గరుకు వైపు నీళ్లు చల్లి రుద్దడం మొదలెట్టాను. రెండు రుద్దులకే ఆపేశారు. "మరీ నిలబెట్టావు. చప్పుడే చెబుతోంది."

జేబు చాకుకి ఒక్కో వైపు 20 డిగ్రీల వాలు బాగుంటుంది. నాన్నకి డిగ్రీలతో పనిలేదు. చాకు వెడల్పులో మూడో వంతు ఎత్తుకి వెన్ను లేపమంటారు, అంతే. ఒకటిన్నర సెంటీమీటర్ల చాకైతే అర సెంటీమీటరు. మా అబ్బాయి కాలిక్యులేటర్లో వేసి చూస్తే 19.5 డిగ్రీలొచ్చింది!

అంతకంటే బాగా పడుకోబెడితే అంచు పల్చబడి, గట్టిదేదైనా తగలగానే మడత పడుతుంది. నిలబెడితే మందమై కోయడానికి మొరాయిస్తుంది. పట్టిన వాలు చివరిదాకా మారకూడదు. అసలు కష్టమంతా అక్కడే. మొన దగ్గర అంచు వంపు తిరుగుతుంది కాబట్టి పిడిని కాస్త లేపాలి.

చెయ్యి కుదరనివాళ్లకి ఒక చిట్కా. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నలుపు పూసి నాలుగుసార్లు రుద్దండి. అంచు చివర నలుపు మిగిలితే చాకుని మరీ పడుకోబెట్టినట్టు. చివర మాత్రమే పోయి పైన మిగిలితే మరీ నిలబెట్టినట్టు. మొత్తం సమంగా పోతే సరిపోయినట్టు.

ఒక వైపు రుద్దాక, రెండో వైపున వేలిని వెన్ను నుంచి అంచు బయటికి మెల్లగా జరపండి. సన్నటి గరుకు తగలాలి. అది పిడి నుంచి మొనదాకా తగిలితేనే చాకు తిప్పాలి. ఆ తర్వాత రాయి నున్నటి వైపున, అటోసారి ఇటోసారి, బరువు వేయకుండా రుద్దితే ఆ గరుకు పోతుంది. చివర్లో పాత తోలు బెల్టు మీద అంచుని వెనక్కి లాగితే సరి.

అరగంటకి పాత పేపరు చిరగకుండా తెగింది. నాన్న చెయ్యి చాపారు. ఒక్క క్షణం తటపటాయించి చాకు ఇచ్చాను.

పండుని వేళ్లతో తడిమి, టెంక ఎటుందో చూసుకుని, అటూ ఇటూ రెండు ముక్కలు తీశారు. ఎక్కడా నొక్కలేదు. ముక్కలు మనవడికిచ్చి, టెంక నా చేతిలో పెట్టారు. చిన్నప్పుడు నేను పేచీ పెట్టేది దానికోసమే.

చాకు మడిచి మళ్లీ జేబులో వేసుకున్నారు. నేను అడగలేదు.