పన్‌చక్కీకి పావుగంట చాలదు

చలికాలం రాగానే షోలాపూర్‌లోని మన తెలుగు బడుల టూరు బస్సులు ఔరంగాబాదు దారి పడతాయి. ఊరి పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. దాదాపు 300 కిలోమీటర్లు. ఎల్లోరా, దేవగిరి కోట, బీబీ కా మక్బరా అయ్యాక పొద్దువాలే వేళకు పన్‌చక్కీ. బయట డ్రైవరు హారన్ కొడుతుంటాడు. పిల్లలు తొట్టిలో చేపలు చూసి, మర్రిచెట్టు కింద ఫొటో దిగి బస్సెక్కుతారు. తిరగలి ఉన్న చోట ఎవరూ నిలబడరు. ఆ వరుస మార్చమని మేము అడుగుతున్నాం.

ఖామ్ నది ఒడ్డున, బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో ఉన్న నీటి తిరగలి అది. కొన్ని కిలోమీటర్ల అవతల కొండల్లోని ఊట నీటిని మట్టి గొట్టాల్లో భూమి కిందుగా తెచ్చారు. ఇక్కడికి వచ్చాక ఆ నీరు ఎత్తైన గోడ మీదికెక్కి తొట్టిలోకి దూకుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. అదే నీరు రెక్కల చక్రాన్ని తోస్తే పైరాయి తిరుగుతుంది. యాత్రికులకూ అనాథలకూ ఆ పిండితోనే రొట్టెలు. తొట్టి అడుగే కింది హాలుకు పైకప్పు. ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది.

నేల కింద నడిచిన నీరు గోడ ఎలా ఎక్కింది? ఊట అంతకంటే ఎత్తులో ఉంది కాబట్టి. పీడనం పాఠాన్ని బల్ల మీద గీసి చెప్పడానికి మాకు రెండు పీరియడ్లు పడుతుంది. అక్కడ చూపుడు వేలు చాలు.

కానీ అక్కడ వివరించేది హిందీలోనో మరాఠీలోనో. తిరిగొచ్చి పిల్లవాడు తెలుగులో రాసేది మూడు వాక్యాలు, అందులో ఒకటి 'చాలా బాగుంది'. అది చదివిన తండ్రి, తెలుగులో సైన్సు రాదనుకుని, ఐదో తరగతి కాగానే ఇంగ్లీషు మీడియానికి మారుస్తాడు. మాటల్లేక కాదు. తిరగలి, ఇరుసు, తూము, పిడి అన్నీ ఇంట్లో నాయనమ్మకు తెలిసినవే. టూరుకు వారం ముందు ఆమెనడిగి పది మాటలు రాసుకు రమ్మంటే సరి. మన ఊళ్లో పిండిమరా గిర్నీయే, బట్టల మిల్లూ గిర్నీయే. ఎందుకలా అని పిల్లలే అడుగుతారు. జునీ గిర్నీలో పనిచేసిన ముత్తాతల కథ అక్కడే మొదలవుతుంది.

ఇంకో చుట్టరికమూ ఉంది. ఈ తిరగలి ఆసఫ్‌జాహీల నాటిది. 1956 దాకా ఔరంగాబాదు, మన పెద్దలు మగ్గం వదిలి వచ్చిన కరీంనగర్ పల్లెలు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. ఆ ఊరికి భూగర్భ కాలువలు వేయించినవాడు మాలిక్ అంబర్. బానిసగా అమ్ముడుపోయి మంత్రి అయిన హబ్షీ. 1610లో ఖడ్కీ పేరుతో ఊరు కట్టించిందీ ఆయనే. ఇదంతా పావుగంటలో ఎలా చెబుతాం?

డబ్బు కట్టాం కదా, నాలుగు చోట్లు చూపించండి అంటారు తల్లిదండ్రులు. న్యాయమే. అయినా మూడు చాలు. మక్బరా మానేసినా మాకు అభ్యంతరం లేదు, గోడ అవతల నుంచి కూడా కనబడుతుంది. పన్‌చక్కీకి పొద్దున్నే వెళ్లాలి, రెండు గంటలు ఉండాలి, పదేసి మంది చొప్పున తిరగలి దగ్గరికి పంపాలి. వానలు వెలిసిన కొత్తలోనైతే నీరూ బాగుంటుంది. ఈసారి టూరు చీటీ మీద సంతకం పెట్టే ముందు పన్‌చక్కీకి ఎంతసేపు కేటాయించారో అడగండి.