చిన్న కమతానికి అరక కావాలి

సంపాదకులు గారికి,

2020 జూలైలో చిత్తూరు జిల్లాలో ఇద్దరు ఆడపిల్లలు కాడి మోస్తూ పొలం దున్నిన వీడియో దేశమంతా చూసింది. నటుడు సోనూ సూద్ చలించిపోయి ముందు జత ఎడ్లు పంపుతానన్నారు. కాసేపటికే ఆ కుటుంబానికి ఎడ్లు కాదు, ట్రాక్టరే తగినదని చెప్పి, ఆ రోజే ట్రాక్టర్ పంపించారు. ఆయన మంచి మనసుకు దణ్ణం పెట్టాలి. కానీ ఆ రెండు మాటల మధ్య ఉన్న ఆలోచన నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది. ఎడ్లంటే లేమి, ట్రాక్టరంటే ఎదుగుదల అన్న నమ్మకం అది. మన ప్రభుత్వాల వ్యవసాయ విధానమూ ఆ నమ్మకం మీదే నడుస్తోంది. 2025లో మహారాష్ట్రలోని లాతూరు జిల్లాలో ఒక వృద్ధ రైతు తానే కాడి లాగుతుంటే భార్య వెనక నాగలి పట్టింది. ట్రాక్టర్లకు ఇన్నేళ్లు సబ్సిడీలు ఇచ్చాక కూడా మనుషులు కాడి కిందికి వస్తున్నారంటే ఆ సాయం ఎవరి దాకా చేరనట్టు?

నేను అడిగేది ఒక్కటే. ఎడ్ల జతను కూడా వ్యవసాయ శక్తిగా గుర్తించాలి. యంత్రానికి ఇచ్చే అప్పు, రాయితీ, మరమ్మతు సౌకర్యం లాంటివి దానికీ ఉండాలి.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. అంటే సుమారు రెండున్నర ఎకరాలు. అదీ ఒకే చెక్కగా ఉండదు. అన్నదమ్ముల పంపకాల్లో ఒక ముక్క ఊరి తూర్పున, ఇంకో ముక్క వాగు అవతల. ఈ కమతం మీద ట్రాక్టర్ వాయిదాలు కట్టడం ఎవరి తరమూ కాదు కాబట్టి చిన్న రైతుకు మిగిలేది కిరాయి ట్రాక్టరే. వేసవి లోతు దుక్కికి నేనూ దాన్నే పిలుస్తాను. ఆ పనిలో దానికి సాటి లేదు, దాని మీద నాకే పేచీ లేదు. పేచీ అంతా విత్తనం మొలిచాక మొదలవుతుంది.

మాది పల్నాడు నల్లరేగడి. పత్తి, మిరప, కంది వేస్తాం. పత్తికి నిలువూ అడ్డమూ అచ్చు తోలి, గీతలు కలిసిన చోట గింజ పెడతాం. అలా పెడితేనే గుంటక రెండు వైపులా తిరుగుతుంది, మొక్క చుట్టూ కలుపు తెగుతుంది. వాన పడ్డాక రేగడిలో ట్రాక్టర్ దిగితే చక్రం కూరుకుపోతుంది, లేదా నేలను అణగదొక్కి గట్టిచేస్తుంది. పై పొర కాస్త ఆరి పదునుకు రాగానే అరక దిగగలదు. ఆ పదును నిలిచేది రెండు మూడు రోజులే. ఆ వ్యవధిలో గుంటక తోలితే కలుపు పోవడమే కాదు, పైమట్టి గుల్లబారి నేల నెర్రెలివ్వదు, లోపలి తేమ ఆగుతుంది. వానాధారపు చేనుకు అదొక తడి పెట్టినంత మేలు. పైరు మోకాలు దాటి కొమ్మలు చాచాక కూడా, మూతికి చిక్కం కట్టిన ఎడ్లు సాళ్ల మధ్య ఆకు రాలకుండా నడుస్తాయి. జత ఎడ్ల బలం ఒక హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గుంటకకు అంతకు మించి అక్కర్లేదు.

మరి అరక ఎక్కడుంది? మా ఊళ్లో పాటుకు అదను వచ్చిందంటే ఉన్న కొద్ది జతల కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు. వంతు వచ్చేలోగా పదును పోతుంది, లేదా మళ్లీ వాన పడి గడ్డి పైరును మించుతుంది. కూలీల చేత తీయించే స్తోమత లేనివాడు గడ్డిమందు కొడతాడు. కేంద్రం 2022 అక్టోబరులో గ్లైఫోసేట్ అనే గడ్డిమందును లైసెన్సున్న పురుగు నివారణ సంస్థల వాళ్లే వాడాలని ఆంక్ష పెట్టింది. కాగితం మీద ఆంక్ష సరే, అరక దొరకని రైతు ఆ కలుపును దేనితో తీయాలో కూడా చెప్పాలి కదా. గడ్డిమందును తట్టుకుంటుందని అనుమతి లేని పత్తి విత్తనం కొనే రైతును దొంగలా చూసే అధికారులు ఈ ప్రశ్న ఒక్కసారి వేసుకోవాలని నా కోరిక.

ఎడ్లు వాటంతటవి తగ్గిపోలేదు. 2012 పశుగణనలో దేశంలో గోజాతి మగ పశువులు 6.79 కోట్లు. 2019కి 4.74 కోట్లు. ఏడేళ్లలో 30 శాతం పోయాయి. అదే కాలంలో ఆడవి 12.30 కోట్ల నుంచి 14.51 కోట్లకు పెరిగాయి. పాలకు పనికొచ్చేదే పశువన్న లెక్క ఇది. ఇప్పుడు నూటికి తొంభై పెయ్యలే పుట్టేలా లింగ నిర్ధారిత వీర్యాన్ని రాయితీ మీద ఇస్తున్నారు. పాడి రైతుకు మంచిదే, కాదనను. కానీ మెట్ట మండలాల్లో రేపు కాడి కట్టే కోడె ఎక్కడి నుంచి వస్తుందో ఆ పథకం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. మేత సంగతీ అంతే. సాగర్ కాల్వ కింద వరి కోత యంత్రంతో కోస్తే గడ్డి చేలో చెల్లాచెదురుగా పడుతుంది. కట్ట కట్టించే ఖర్చుకు జడిసి చాలామంది అగ్గి పెడుతున్నారు. ఊరి బంచరాయి ఏనాడో ఆక్రమణల పాలైంది.

సంక్రాంతికి, ఉగాదికి మా వైపు బండలాగుడు పోటీలు జోరుగా జరుగుతాయి. ఒంగోలు గిత్తల బలం చూడటానికి వేల మంది వస్తారు, లక్షలు పోసి వాటిని పెంచుతారు. ఆ జాతి మీద ఉన్న ప్రేమ నిజమైనదే, నాకూ ఉంది. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన ఆ జాతికి పేరు తెచ్చింది మాత్రం దుక్కి, బండి. పోటీ గిత్తకు దక్కే ఉలవల్లో పదో వంతు కూడా పొలం ఎద్దుకు దక్కడం లేదు.

‘ఎడ్లను ఏడాదంతా మేపాలి, పని ఉండేది కొన్ని నెలలే’ అంటారు. నిజం. జతకు ఏడాదికి ఏడెనిమిది టన్నుల మేత కావాలి. రెండు ఎకరాల రైతు ఒక్కడే దాన్ని మోయలేడు. ట్రాక్టరైనా అంతే కదా, అందుకే కదా యంత్రాల అద్దె కేంద్రాలు పెట్టారు! అదే పద్ధతిలో ఊరికి నాలుగైదు జతలు, వాటిని తోలే యువకులకు ఏడాది పొడుగునా వేతనం ఎందుకు ఉండకూడదు? పాటు లేని నెలల్లో ఎరువు తోలకం, మేత మోత ఉంటాయి. జత నుంచి రోజుకు సుమారు 20 కిలోల పేడ వస్తుంది. పశువుల ఎరువు కొనలేక అల్లాడుతున్న మిరప రైతులకు దాని విలువ చెప్పనక్కర్లేదు.

మూగజీవిని హింసిస్తున్నారనే మాటనూ తేలిగ్గా తీసేయను. సరిగా అమరని కాడి మెడ మీద పుండు చేస్తుంది, ములుకోల పోట్లు నేనూ చూశాను, ఆపించాను కూడా. 1965 నాటి కేంద్ర నిబంధనలు బండి లాగే, బరువు మోసే పశువుల చేత రోజుకు తొమ్మిది గంటలు మించి, విరామం లేకుండా అయిదు గంటలు మించి పని చేయించరాదంటాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు కట్టకూడదు. అరకకూ ఇదే వర్తింపజేయాలి. పశువైద్యులు ఏటా ఏరువాకకు ముందు ప్రతి జత మెడలూ గిట్టలూ చూడాలి. ఇలాంటి తనిఖీ అద్దె కేంద్రంలో సులువు, విడివిడిగా కష్టం.

రాజస్థాన్ ప్రభుత్వం 2025 బడ్జెట్‌లో ఎడ్లతో సేద్యం చేసే చిన్న, సన్నకారు రైతులకు ఏడాదికి 30,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. మన రెండు రాష్ట్రాలూ అలాంటి సాయాన్ని పత్తి, మిరప, కంది పండే మెట్ట మండలాల్లో ముందుగా మొదలుపెట్టాలి. ఆ మండలాల్లో ఒంగోలు, నల్లమల పొడతూర్పు జాతుల ఆంబోతుల మామూలు వీర్యం కూడా పశువుల ఆసుపత్రుల్లో దొరకాలి. వరిగడ్డిని కట్టలు కట్టి మెట్ట ఊళ్లకు చేర్చే ఖర్చును ప్రభుత్వం భరించాలి. వచ్చే ఏరువాక పున్నానికి కనీసం మండలానికొక ఎడ్ల అద్దె కేంద్రాన్ని ప్రయోగంగానైనా తెరవమని మీ పత్రిక ద్వారా రెండు ప్రభుత్వాల వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల మంత్రులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
పల్నాడు జిల్లా