పస్తులుంటే తగ్గేది కొవ్వొక్కటేనా?

పిల్లలూ! వ్యాయామం చేయకుండా, తిండి మాత్రం తగ్గించి బరువు తగ్గవచ్చునా? ఈ ప్రశ్న ఇప్పుడు పెద్దలకే పరిమితం కాలేదు. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో హైస్కూలు పిల్లల్ని కాస్త గమనించండి. పొద్దున టిఫిను మానేసి వచ్చేవారు, మధ్యాహ్నం క్యారియరు మూత తీయకుండా ఇంటికి తీసుకుపోయేవారు కనబడుతూనే ఉంటారు. తోటివాళ్ళు "లావుగా ఉన్నావు" అని ఒక్కమాట అంటే చాలు, అన్నం మీద అలక మొదలు. పెద్దల సంగతి ఎలా ఉన్నా, ఎదిగే వయసులో ఉన్న మీరు పస్తులుండి బరువు తగ్గాలనుకోవడం తగదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. తిండి తగ్గిస్తే, వ్యాయామం లేకపోయినా బరువు తగ్గుతుంది. ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెంచే వేడిని కిలోకాలరీ అంటారు. ఆహారం విషయంలో వాడుకగా 'కాలరీ' అనేది దీన్నే. 13–15 ఏళ్ళ బాలికకు రోజుకు సుమారు 2,400, బాలుడికి సుమారు 2,860 కాలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. 2,400 కాలరీలంటే 24 లీటర్ల నీటిని సున్నా డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా కాచగల వేడి! ఖర్చు కన్నా రాబడి తగ్గితే శరీరం నిల్వలు తీస్తుంది. ఇందులో సందేహం లేదు.

నడకతో ఖర్చయ్యేది అంత ఎక్కువేమీ కాదు. 50 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 200 కాలరీల లోపే. కిలో కొవ్వులో సుమారు 7,700 కాలరీలుంటాయి. అంటే కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 40 గంటలు నడవాలి. "మరి వ్యాయామం దండగే గదా!" అంటారేమో. తొందరపడకండి. బరువు ఎంత తగ్గిందన్నది ఒక ప్రశ్న. తగ్గినది ఏమిటన్నది మరో ప్రశ్న. తూకం యంత్రం మొదటిదానికే జవాబు చెబుతుంది.

కృష్ణా డెల్టా పిల్లలకు కాలువల భాషలో చెబితే ఇది సులువుగా తెలుస్తుంది. ప్రకాశం బరాజు దగ్గర నీరు చాలకపోతే ఏం చేస్తారు? కాలువలకు వంతులు పెడతారు. తాగునీటి చెరువులకు ముందు, పొలాలకు తరువాత. అప్పుడు మొదట ఎండేది ఏ పొలం? కాలువ చివరనున్న పొలం. రేపల్లె, నిజాంపట్నం వైపు రైతుల్ని అడిగితే ఆ బాధ ఏమిటో చెబుతారు.

తిండి తగ్గినప్పుడు శరీరం కూడా వంతులు పెడుతుంది. గుండె, మెదడు, ఊపిరితిత్తులు తాగునీటి చెరువుల వంటివి. వాటికి సరఫరా ఆపితే ప్రాణమే నిలవదు. మరి చివరి పొలాలేవి? ఎత్తు పెరగడం, ఎముకలు గట్టిపడడం, రోగాల్ని తట్టుకునే శక్తి, బాలికల్లో నెలసరి. పెద్దవారి శరీరంలో పెరుగుదల అనే పొలమే లేదు. మీలో ఆ పొలానికి ఇప్పుడే నీరు కావాలి. పెద్దయ్యాక ఉండే ఎముక ద్రవ్యరాశిలో సుమారు నాలుగో వంతు, వేగంగా ఎత్తు పెరిగే రెండేళ్ళలోనే చేరుతుంది. ఆ రెండేళ్ళూ పస్తులతో గడిస్తే ఆ నష్టాన్ని తరువాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం.

ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, ప్రయోగంలో తేలిన సంగతి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు సగం తిండి పెట్టాడు. వారంతా ఇష్టపడి వచ్చినవారే. రోజుకు వారికి అందినది సుమారు 1,600 కాలరీలు. బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు గుండె వేగం తగ్గింది. ఒంట్లో చలి పుట్టింది. కండబలం తగ్గింది. చదువు మీద, ఆట మీద మనసు పోయి ఎప్పుడూ తిండి ధ్యాసే. శరీరం తన ఖర్చు తగ్గించుకుందన్నమాట. వారు ఎదుగుదల పూర్తయిన యువకులు. ఎదిగే పిల్లల మాటేమిటి?

"మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను" అనేవారి మాట కూడా పరీక్షిద్దాం. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతోనూ సుమారు మూడు గ్రాముల నీరు చేరి ఉంటుంది. మొదటి రోజుల్లో పోయేది చాలావరకు ఈ నీరే. తరువాత కొవ్వు కరుగుతుంది. దానితోపాటు కండ కూడా కరుగుతుంది. కదలకుండా తిండి మాత్రం తగ్గిస్తే, పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిది ఉండవచ్చు. వ్యాయామం అసలు పని ఇక్కడే. అది కొవ్వును మరీ ఎక్కువగా కరిగించదు కాని, "ఈ కండతో పని ఉంది, దీన్ని ముట్టవద్దు" అని శరీరానికి చెబుతుంది. గెంతులు, పరుగులు ఎముకను గట్టిపరుస్తాయి. ఏ పస్తూ ఆ పని చేయలేదు.

2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం తెలుగు జిల్లాల్లో ఊరూరా వినబడింది. కొన్నాళ్ళు అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, నీళ్ళు, విటమిన్ మాత్రలతో గడిపే పద్ధతి అది. దాని మంచిచెడ్డలు పెద్దలూ, వారి వైద్యులూ తేల్చుకుంటారు. పెద్దల పద్ధతిని ఇంట్లో చూసి పిల్లలు అనుకరించకూడదన్నదే నా మాట.

అన్నం మన శత్రువు కాదు. దేశమంతా ఇష్టంగా తినే సాంబమసూరి, అంటే బి.పి.టి. 5204, మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన వంగడమే. మీ తాతలు కంచం నిండా అన్నం తిన్నారు. నాట్లు వేశారు, కోతలు కోశారు, మోపులు మోశారు. నేడు ట్రాక్టరు దున్నుతోంది, యంత్రం కోస్తోంది, పిల్లలు ఆటోలో బడికి వస్తున్నారు. కంచంతోపాటు కాళ్ళ పని కూడా లెక్కలోకి రావాలి.

మరి నిజంగానే బరువు ఎక్కువున్నవారు ఏం చేయాలి? ముందు డాక్టరుకు చూపించండి. చాలామంది పిల్లలకు బరువు తగ్గించనవసరమే లేదు. ఉన్న బరువు పెరగకుండా చూసుకుంటే, ఎత్తు పెరిగి సరిపోతుంది. 145 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువుంటే, బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా 23.8 వస్తుంది. అదే బరువుతో 155 సెంటీమీటర్లకు ఎదిగితే 20.8. ఒక్క పూటైనా పస్తు లేకుండానే! పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు మానకండి. కూల్‌డ్రింకులు, రోజూ తినే బజ్జీలు, చిప్సు మానండి. పావులీటరు తీపి పానీయంలో సుమారు 100 కాలరీలుంటాయి. అది ఖర్చు కావాలంటే అరగంటకు పైగా నడవాలి!

పెద్దలకూ ఒక మాట. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చురుగ్గా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడును లెక్కలకో, సైన్సుకో ఇచ్చేయడం న్యాయం కాదు. సైన్సు మాస్టారుగా నేనే ఈ మాట చెబుతున్నాను. ఆ పీరియడు ఆటలదే. లావు పిల్లల్ని వెక్కిరించడం కూడా ఇంట్లో, బడిలో మానాలి.

ఇక మీరు చేయదగిన ప్రయోగం ఒకటి. ఈ రోజు ఒక నిమిషం నాడి లెక్కపెట్టి రాసుకోండి. మూడు నిమిషాలు తాడాట ఆడి, ఆగిన వెంటనే మళ్ళీ లెక్కపెట్టండి. నాడి మొదటి అంకెకు ఎన్ని నిమిషాల్లో దిగివచ్చిందో గుర్తించండి. వేళకు తింటూ, రోజూ ఆడుతూ, రెండు నెలల తరువాత మళ్ళీ పరీక్షించండి. ఆ సమయం తగ్గితే మీ గుండె బలపడుతోందన్నమాట. తూకం యంత్రం ముల్లు కన్నా ఆ అంకెను నమ్మండి.