ఈశాన్యం మూలలో బరువు పెట్టకూడదట!

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నాడు మా మేనల్లుడు. అక్కడి చాలామంది తెలుగువాళ్ళ లాగే వీళ్ళదీ రైల్వే ఉద్యోగం కోసం వలస వెళ్ళిన కుటుంబం. వాడికి పాటల పిచ్చి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని స్టూడియో చేసుకున్నాడు. అక్కడ బాగానే వినిపించే పాట స్నేహితుడి కారులో పెడితే గుమ్మని ఒకటే మోత!

సలహా చెప్పడానికి ఇద్దరు దొరికారు. ఒక దుకాణంవాడు 2 అంగుళాల ఫోమ్ ముక్కల్ని "బేస్ ట్రాప్" అని అమ్మాడు. ఒక వాస్తు పండితుడు ఈశాన్యం మూల ఖాళీగా ఉంచాలన్నాడు. వాడు ఇద్దరి మాటా విన్నాడు. మూడు మూలల్లో ఫోమ్ అంటించి ఈశాన్యం వదిలేశాడు. జీతం డబ్బులు పోయాయి, మోత పోలేదు.

వాస్తు పండితుడిని తిట్టడం మనకి అలవాటే. కానీ ఆ ఫోమ్ అమ్మినవాడు మాత్రం ఏం తక్కువ? ఒకడు శాస్త్రం అంటాడు, ఇంకొకడు సైన్స్ అంటాడు. ఇద్దరూ కొలత మాత్రం చూపించరు.

లెక్క చాలా చిన్నది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 12 అడుగుల గోడల మధ్య మొదట నిలిచిపోయే అల సుమారు 47 హెర్ట్జ్. దాని పొడవు 24 అడుగులు. అంత అలని 2 అంగుళాల ఫోమ్ పట్టుకుంటుందా? అది పై స్వరాలని మింగుతుంది, అడుగు స్వరాలని వదిలేస్తుంది. ఆ గదికి వెడల్పు, ఎత్తు సమానం కాబట్టి 56 హెర్ట్జ్ దగ్గర రెండు అలలు ఒకదానిమీద ఒకటి పడతాయి.

దానికితోడు వాడు సరిగ్గా గది మధ్యలో కూర్చుని మిక్స్ చేస్తున్నాడు. 47 హెర్ట్జ్ అలకి అక్కడ ఒత్తిడి దాదాపు సున్నా. బేస్ చాలట్లేదనుకుని పెంచాడు. కారులో మోత అందుకే. కుర్చీ జరపడానికి పైసా ఖర్చు లేదు. ఆ మాట ఇద్దరిలో ఒక్కడూ చెప్పలేదు!

ఇక మూలల సంగతి. నలుచదరపు గదిలో ఇలాంటి ప్రతి అలకీ ఒత్తిడి ఎక్కువగా ఉండేది మూలల్లోనే. పైకప్పు దగ్గరవి కూడా కలిపితే మూలలు ఎనిమిది, ఎనిమిదీ సమానమే. ధ్వనికి ఈశాన్యం తెలీదు, నైరుతి తెలీదు. 4 నుంచి 6 అంగుళాల మందం రాక్‌వూల్ పలకల్ని చెక్క చట్రంలో బిగించి, గుడ్డ కప్పి, మూలకి అడ్డంగా, వెనక ఖాళీ వదిలి నిలబెట్టాలి. మందం, ఖాళీ ఎంత పెరిగితే అంత కింది స్వరాల దాకా పనిచేస్తుంది.

"చెవితో విను, తేడా నీకే తెలుస్తుంది" అంటారు. "ఒక్కసారి బాబా దగ్గరకి వెళ్ళి చూడు" అన్నట్టే ఉంది. డబ్బు పెట్టినవాడి చెవికి తేడా వినబడక ఏమవుతుంది? 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకపోతే, వాలెస్ సాబిన్ అనే అధ్యాపకుడు శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించాడు. ఆర్గాన్ గొట్టం మోగించి ఆపి, శబ్దం ఎంతసేపటికి అణిగిపోతుందో చూశాడు. మెత్తలు పెంచుతూ మళ్ళీ మళ్ళీ చూశాడు. ఆయన వాడిందీ చెవినే, కానీ పక్కన కాలం కొలిచే పరికరం ఉంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది. ఒక కొలత మైకు చాలు. ట్రాపులు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, మైకు అదే చోట ఉంచి కొలవాలి. గీత మారకపోతే సరుకు వెనక్కి ఇచ్చేయాలి.

"మామయ్యా, ట్రాపులు పెడితే గేటు దగ్గర గూడ్సు బండి చప్పుడు కూడా ఆగిపోతుందా?" అని అడిగాడు వాడు. ఆగదు. గది లోపలి మోత తగ్గించడం వేరు, బయటి చప్పుడు ఆపడం వేరు. రెండోదానికి బరువైన గోడలు, గాలి దూరని తలుపులు కావాలి. ఆగుతుందని చెప్పి అమ్మితే అది తాయెత్తే.

వాస్తు పండితుడికి ఒక సవాలు. కళ్ళకి గంతలు కట్టుకుని, పాట విని, ఆ గదిలో ఈశాన్యం ఏదో చెప్పండి. దుకాణంవాడికీ ఒక సవాలు. ఆ ఫోమ్ 47 హెర్ట్జ్‌ని ఎంత తగ్గించిందో గీసి చూపించండి. ఇద్దరిలో ఎవరు ముందుకొచ్చినా నేను పూరీ గేట్‌కి రైలెక్కుతాను.